లండను నగరమున మన మహారాజుగారి చలివేంద్రము

వేసవి వచ్చిన దన్న సంగతి మన ప్రాంతమున పంచాంగము చూడకయే తెలియును. బజారు మూలను తాటాకు పందిరి లేచును. తడి యిసుకలో కొత్త కుండలు కూర్చుండును. ఒక ముసలివాడు చెంబు చేతబట్టి దారినపోవు వారిని పిలిచి నీరు పోయును. దానిని చలివేంద్ర మందుము. ఎవ రెవ రని యడుగక పోసిన పుణ్యాత్ములు కలరు. దూరముగ నిలువుమని గొట్టముతో పోసినవారును కలరు. దాచుట యెందులకు? అయినను దప్పిగొన్నవానికి నీ రీయవలె నను తలంపు మాత్రము మన దేశమున మిక్కిలి పాతది.

అట్టి చలివేంద్ర మొకటి మన విజయనగర ప్రభు వొకరు లండను నగరమున కట్టించి యిచ్చిరనగా మన విద్యార్థులలో పెక్కుమంది నమ్మరు. మేము తరగతిలో నీ సంగతి చెప్పినపుడు వెనుక బల్లమీది బాలు డొకడు లేచి, లండనులో నీళ్లకు కరవా యని యడిగెను. తక్కినవారు నవ్విరి గాని మాకు నవ్వు రాలేదు. అది మంచి ప్రశ్న. ఆ మహారాజుగారి చరిత్రమును, ఆ ప్రశ్నకు మాకు తోచిన సమాధానమును కలిపి యీ సంచికలో వ్రాయుచున్నాము.

ఆ ప్రభువు శ్రీ విజయరామ గజపతిరాజుగారు. ఆ వంశమున నీ పేరు మరల మరల వచ్చును గనుక చదువరులు తికమకపడుట కద్దు. 1757 సంవత్సరమున బొబ్బిలి యుద్ధకాలమున నున్న విజయరామరాజు వేరు. 1794 జూలై 10వ తేదీని పద్మనాభము కడ కుంఫినీ సేనతో పోరి నేలకొరిగిన విజయరామరాజు వేరు. మన కథానాయకుడు ఈ రెండవవారి మనుమడు. పద్మనాభ యుద్ధానంతరము సంస్థానము చాల చిక్కి, 1802లో శాశ్వత పరిష్కారము జరుగునాటికి 1,157 గ్రామములును, ఏటేట కుంఫినీకి చెల్లింపవలసిన అయిదు లక్షల రూపాయల పేష్కషును గల జమీందారీగా నిలిచెను. తండ్రి నారాయణబాబుగారు తమ కడపటి కాలమును కాశీలో గడపి 1845లో నచ్చటనే కాలధర్మము నొందిరి. ఆయన విడిచిపోయిన ఆస్తిలో అప్పుల పాలు మిక్కుటము.

1826లో జనించిన విజయరామ గజపతిగారి కప్పటికి పందొమ్మిదవ యేడు జరుగుచుండెను. కోటయు, ఏనుగులును, బిరుదులును ఉన్నవి, రొక్కము లేదు. సంస్థానపు పాలనము కొన్ని సంవత్సరములు సర్కారు చేతిలో నుండెను. ఆ కాలమును యువకుడు వేటలోను వినోదములలోను పోగొట్టియుండవచ్చును. చాలమంది జమీందారు బిడ్డ లట్లే చేసిరి. ఈయన చదువుకొనెను. 1852లో సంస్థానము తమ చేతికి వచ్చునప్పటికి లెక్క చూచుకొన నెఱిగిన ప్రభువాయెను. అప్పులలో బుట్టినవాడు దాత యగుట లోకమున నరుదు. ఆయన చరిత్రమంతయు నీ యరుదైన సంగతియే యని మా యభిప్రాయము.

1857లో, దేశమున నుత్తరభాగమంతయు మండుచున్న యేటనే, ఆయన విజయనగరమున నొక పాఠశాలను స్థాపించిరి. అదియే క్రమముగ పెరిగి 1879లో కళాశాల యయ్యెను. మన జిల్లాలలో ఇంగ్లీషు నేర్చి ఉద్యోగములకు పోయిన మొదటి తరములవా రనేకు లా గడపనే దాటిరి. మద్రాసు నగరమున బాలికల పాఠశాలలకు కూడ ఆయన ధన మిచ్చిరి; ఆడపిల్లకు అక్షర మేల యని పెద్దలు ప్రశ్నించు దినము లవి. 1860 దశకమున గవర్నరు జనరలుగారి శాసనసభలో సభ్యులైరి. మహారాజా బిరుదమును, పిమ్మట కె.సి.ఎస్.ఐ. బిరుదమును పొందిరి. ఈ గౌరవముల జాబితా నింకను పెంచవచ్చును గాని, బిరుదములు చదివి యెవ్వరును దాహము తీర్చుకొనలేదు గనుక నీటి సంగతికి వత్తము.

ఈ వంశమునకు కాశీతో సంబంధము గాఢమైనది. అచ్చట వారికి గొప్ప భవనము కలదు. ఆ కాశీనగరపు రాజైన ఈశ్వరీప్రసాద నారాయణ సింహుగారు ఇంగ్లండులో ఆక్సుఫర్డు సీమయందలి స్టోక్ రో అను చిన్న పల్లెకు ఒక నూతిని త్రవ్వించి యిచ్చిరి. ఆ పల్లెప్రాంతమున పుట్టిన రీడ్ అను దొర కాశీవైపున ఉద్యోగము చేయుచు, తమ యూరివైపున నీటి యెద్దడి యెట్టిదో, ఇంటనున్న కడపటి గ్రుక్కెడు త్రాగినందులకు ఒక పసివాడు తల్లిచేత నెట్లు దెబ్బలు తినెనో రాజునకు చెప్పియుండెనట. ఆ నుయ్యి 368 అడుగుల లోతు. 1864లో నది జనులకు తెరువబడెను. ఇంగ్లండున కంతటి కొరత యున్నదని మన బాలు డూహింపలేకపోయిన మాట యిక్కడనే తేటపడినది. ధనిక దేశమున నివసించినంత మాత్రమున బీదవాని కుండ నిండదు.

ఇక లండను నగరపు గతి చూడుడు. థేమ్సు నదిలోనికి ఊరి మురుగంతయు పోవుచుండెను. ఆ నదినుండియే నీటి కంపెనీలు నీరు తోడి యమ్ముచుండెను. కలరా మాటిమాటికి వచ్చి వేలమందిని కొనిపోయెను. 1854లో సోహో పేటలో కలరా చెలరేగగా డాక్టరు జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటికి తిరిగి, చనిపోయినవారిలో చాలమంది బ్రాడ్ వీథిలోని ఒక చేతిపంపు నీరే త్రాగిరని చూపి, ఆ పంపు పిడి తీయించెను. ఆ నీరు మురికిగా నుండెననుకొందు రేమో, కాదు. అది చల్లగాను రుచిగాను ఉండు నని ప్రసిద్ధి. దూరమున మరియొక పేటలో కాపురమున్న ఒక వృద్ధురాలు ఆ రుచి మరగి, ప్రతిదినము బండిమీద తెప్పించుకొని త్రాగి, ఆ పేటలో మరెవరికిని లేని వ్యాధితో మరణించెను. విద్యార్థులు తక్కిన దేది మరచినను ఈ సంగతిని మరువవలదు. కంటికి తేటయగుట వేరు, కడుపునకు మేలగుట వేరు.

1852లో చేసిన చట్టము వలన లండను కంపెనీలు గృహములకిచ్చు నీటిని ఇసుకలో వడకట్టి యీయవలసి వచ్చెను. అయినను 1866లో తూర్పు లండనున ఒక కంపెనీవారు కప్పులేని చెరువులోని వడకట్టని నీటిని గొట్టములలోనికి వదలుటచేత కలరా మరల వచ్చి, ఆ ప్రాంతముననే అయిదువేల మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. చట్ట మున్నది, ఇసుక యున్నది, యంత్రమున్నది. ఒకచోట నొకనాటి యజాగ్రత చాలినది.

ఈ దురవస్థ చూడలేక 1859లో శామ్యూల్ గర్నీ, వేక్‌ఫీల్డు అను ఇరువురు ఉదారులు ఒక సంఘమును స్థాపించిరి. వీథులలో నుచితముగా మంచినీ రిచ్చు ఊటగుంజలు నిలుపుట వారి యుద్దేశము. మన మాటలో చెప్పవలెనన్న రాతి చలివేంద్రములు. మొదటిది ఆ యేడు ఏప్రిలు 21వ తేదీని ఒక చర్చి గోడకు అమర్పబడెను. దినమునకు ఏడువేలమంది వరకు అందు త్రాగుచుండిరట! అంతవరకు శ్రమజీవికి దాహమైనచో సారాయంగడియే శరణ్యము. నీరు దొరకనిచోట మద్యము మానుమని బోధించుటలో నర్థము లేదని యా సంఘమువారు గ్రహించిరి. మరి యొక సంగతి. వడపోతచేత గాని మరి తగిన యుపాయముచేత గాని నీరు పరిశుద్ధముగను చల్లగను ఉండునట్లు కట్టనిదే తాము ఏ ఊటను నిలుపరాదని వారు మొదటనే తీర్మానించుకొనిరి. నీటిని దానము చేయుట చాలదు; మంచి నీటిని దానము చేయవలె నన్నమాట.

ఈ సంఘము ద్వారా మన మహారాజుగారు హైడ్ పార్కున ఒక గొప్ప ఊటమండపమును కట్టించుటకు ధన మిచ్చిరి. ఉద్యానమున ఈశాన్యపు కొసను, మార్బుల్ ఆర్చి యను పాలరాతి ద్వారమునకు చేరువను, 1867 ప్రాంతమున నది నిలిచెను. వేయి పౌనులకు మించిన వ్యయముతో శిఖరము గల గుడివలె గాథిక్కు పద్ధతిని చెక్కిన రాతికట్టడ మది. దాని నిర్మాణమును నడపినది ఆ సంఘపు శిల్పియే. మన చంపావతీ తీరపు రైతు చెల్లించిన శిస్తులోని పాలు థేమ్సు తీరపు బండివాని దప్పి తీర్చుట వింత గాదా? ఆ రైతునకు దాని వలన నేమి లాభమని యడుగువారు నేడును కలరు. మేము వారిని తప్పుపట్టము. ఆ కాలమున విజయనగరమున చెరువులు, కోనేరులు, నూతులే జనుల కాధారము. పెద్దచెరువునందు గాని అయ్యకోనేటియందు గాని దిగి స్నానము చేసి, అచ్చటనే చెంబు ముంచుకొను వాడుకను ఎవరును తప్పని తలచి యుండరు. నీటి నుండి రోగము పుట్టు నను మాట లండను వైద్యులలోనే సగము మంది నమ్మని దినములు.

ఆ ఊటలలో నొక లోపముండెను. అది తరువాత గాని బయటపడలేదు. ప్రతి ఊటకును ఒక లోహపు గిన్నెను గొలుసుతో కట్టియుంచెడివారు. బండివాడును, పసిబిడ్డయు, దగ్గువాడును అందరు నా యొక్క గిన్నెతోనే త్రాగిరి. శ్రమపడి పరిశుద్ధము చేసిన నీరు పెదవి చేరు కడపటి జానెడు దూరమున చెడిపోయెను. ఇరువదవ శతాబ్ది మొదట అట్టి గిన్నెలవలన వ్యాధులు వ్యాపించునని పరీక్షలవలన తేలగా, 1909లో అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమువారు వానిని నిషేధించిరి. తక్కిన రాష్ట్రములు ననుసరించెను. లండను గిన్నెను చూచి నవ్వవలదు. మన యింట నున్న బిందెలో చేయి మునుగునట్లు గ్లాసు ముంచువా రెందరో యెవరి మనసు వారే యడిగికొనవలెను. పొడుగు కాడగల గరిటె యొకటి బిందెమీద వ్రేలాడదీసినచో నిరువది రూపాయల వ్యయముతో వేయి రూపాయల యంత్రము పని కొంత జరుగును.

మహారాజుగారు ఊట నిలిపిననాటికి వడపోత యనగా ఇసుక, బొగ్గు. సీమలో ధనికుల యిండ్లలో బొగ్గు నింపిన మట్టి జాడీలు వంటయింటి కలంకారములుగా నుండెను. మన పల్లెలలో చిల్లగింజను కుండ లోపల నరగదీసిన బురద అడుగంటుననియు, పటిక త్రిప్పిన తేరుననియు అవ్వలెఱుగుదురు. ఇవి యన్నియు మురికిని తీయునవే. మురికిలేని నీటిలో నేమి దాగియున్నదో చెప్పగలవా డింకను రాలేదు. 1884లో జర్మను పండితుడు రాబర్టు కాక్ కలకత్తాకు వచ్చి, జనులు స్నానపానములకు వాడు చెరువులో కలరా క్రిమిని పట్టిచూపెను. ఆ యేడే పారిసు నగరమున పాశ్చరుగారి సహచరుడు షాంబర్లాండు, క్రిములు దూరలేనంత సన్నని రంధ్రములుగల పింగాణీ గొట్టపు వడపోతను నిర్మించెను. మన యిండ్లలో కాండిల్ ఫిల్టరని పిలుచు తెల్లని మట్టిబుడ్డి దాని బంధువే. 1892లో హాంబర్గు నగరమున ఎల్బు నది నీటిని వడకట్టక పంచుటచే ఎనిమిదివేలకు మించి కలరాచే మరణింపగా, సరిహద్దు వీథికి ఆవలనే యున్న ఆల్టొనా పట్టణమువారు అదే నదినీటిని ఇసుకలో వడకట్టి త్రాగి చాలవరకు బ్రతికి బయటపడిరి. బొగ్గుజాడీల మాటయో? మార్చక వదలిన బొగ్గు క్రిములను పట్టుటకు బదులు పెంచుచున్నదని పరీక్షకులు చెప్పిరి.

మన చెంత కథ యింకను ముగియలేదు. విజయనగరమునకు నేడు నెల్లిమర్ల చెంతనుండి చంపావతి నీరును, ముషిడిపల్లినుండి గోస్తని నీరును గొట్టములద్వారా వచ్చుచున్నవి. అయినను 2024 అక్టోబరులో ఆ పట్టణమునకు దూరము కాని గుర్ల గ్రామమున అతిసారము ప్రబలి పలువురు మరణించిరి; కలుషితమైన త్రాగునీటిమీదనే అనుమానము పడెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము సంగతి మరి విచారకరము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో, కొబ్బరి జీడితోటల నడుమ, మూత్రపిండముల వ్యాధి యిల్లిల్లు తిరుగుచున్నది. నీటిలోని పదార్థములా, ఎండలో పని వలని శోషయా, మందులా, మరేమైననా యని పండితులు చాలకాలముగా శోధించుచున్నను ఇదియే కారణమని యింకను తేలలేదు. కారణము తేలు వరకు జనులు బావినీటితో నుండరాదని వంశధార నీటిని హిరమండలము జలాశయమునుండి 807 గ్రామములకు చేర్చు పథకము సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో కట్టబడి, 2023 డిసెంబరులో ప్రారంభింపబడెను. లండనునకు ఊట నిచ్చిన సీమయే నేడు తన బిడ్డలకు మంచినీటిని వెదకుకొనుచున్నది.

తల్లిదండ్రులు మమ్ము తరచుగ నడుగు ప్రశ్న, ఇంటికి ఏ వడపోత యంత్రము కొనవలె నని. కొన్ని మాసముల క్రిందట మా యింటికి ఒక యంత్రముల వర్తకుడు వచ్చెను. వాని పేరు, కంపెనీ పేరు చెప్పము. మా కొళాయినీటిని ఒక గ్లాసులోను, తన సీసానీటిని వేరొక గ్లాసులోను పోసి, రెంటిలోను కడ్డీలుగల చిన్న పరికరమును ముంచి, విద్యుత్తు పారించెను. నిమిషములో మా నీరు ఎఱ్ఱని బురదయై పైకి నురగ లేచెను. వాని నీరు తేటగా నిలిచెను. మా యింటివారు బెదరిపోయిరి. మేమును ఒక క్షణము బెదరితిమి; ఇంతలో మా పాఠశాల రసాయన ప్రయోగశాల జ్ఞాపకము వచ్చినది. ఆ కడ్డీలలో నొకటి ఇనుము. నీటిలో సహజముగ నుండు లవణములు విద్యుత్తును పోనిచ్చును. అప్పుడు ఇనుము కరగి తుప్పై తేలును. లవణము లన్నియు తీసివేసిన నీటిలో విద్యుత్తు పారదు గనుక కడ్డీ కరగదు. బురద మా నీటిది కాదు, వాని కడ్డీది! చిటికెడు ఉప్పు వాని గ్లాసులో వేసి మరల చూపుమని మేము కోరగా, ఆతనికి వేరొకచోట పని జ్ఞాపకము వచ్చెను. మన విద్యార్థులు ఈ ప్రయోగమును ఉపాధ్యాయుల యెదుట చేసి చూడవచ్చును.

కావున యంత్రమునకు ముందు నీటి నెఱుగవలెను. నీటిలోని దోషములు ముఖ్యముగా రెండు జాతులు. ఒకటి ప్రాణముగలవి, అనగా క్రిములు. రెండవది కరగియున్నవి, అనగా లవణములు, ఫ్లోరైడు, నైట్రేటు మొదలగునవి. మొదటిది నేడో రేపో మంచము పట్టించును. రెండవది ఏండ్ల తరబడి లోలోపల పనిచేయును. ఒకదానికి మందైనది రెండవదానికి కాదు. బుడబుడ తెర్లునట్లు ఒక నిమిషము కాచినచో క్రిములు చచ్చును. కాని కాచుటచేత ఫ్లోరైడు పోదు సరిగదా, నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. అతినీలలోహిత కిరణముల యంత్రము క్రిములను చంపును, లవణములను ముట్టదు. నీరు కలకగా నున్నచో క్రిములనే సరిగా చంపదు. బొగ్గు వడపోత వాసనను, క్లోరిను రుచిని తీయును. దాని నమ్మి నైట్రేటు నీటిని త్రాగరాదు. మట్టిబుడ్డి మంచిదే, పగులు లేనంతకాలము. దానిని వారమున కొకమారు మెత్తని బ్రష్షుతో కడుగవలెను.

ఆర్వో యని పిలుచు యంత్రము కరగిన లవణములను కూడ తీయును. బోరునీటిలో ఫ్లోరైడో, మితిమీరిన ఉప్పుదనమో ఉన్నచోట నది దేవతయే. మన దేశపు త్రాగునీటి ప్రమాణముల ప్రకారము లీటరునకు కరగిన పదార్థములు 500 మిల్లీగ్రాములును, ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించకుండుట మేలు; వేరు ఆధారము లేనిచోట 2,000, 1.5 వరకు సహింతురు. నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదు. నదీజలము వచ్చు కొళాయికి సాధారణముగా ఈ యంత్రముతో పనిలేదు. పైగా నది ఒక బిందె నీ రిచ్చుటకు రెండు మూడు బిందెలు కాలువపాలు చేయును. ఎద్దడిగల యూరిలో నిది చిన్న పాపము కాదు. ఈ వ్యర్థమును చూచియే, కరగిన పదార్థములు 500 మిల్లీగ్రాములకు లోబడినచోట దీనిని మాన్పింపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2019లో చెప్పెను. వర్తకుడు జేబునుండి తీయు కలమువంటి కొలపరికరము కరగిన పదార్థముల మొత్తమునే చెప్పును గాని, వానిలో క్రిము లున్నవో లేవో, ఫ్లోరైడెంతయో చెప్పజాలదు. అంకె తక్కువ వచ్చినదని సంతోషించి కలరానీటిని త్రాగినవాడు బ్రాడ్ వీథి వృద్ధురాలికి తమ్ముడు. అందుచేత నీటిని పరీక్షశాలకు పంపి, చీటీ వచ్చిన తరువాతనే యంత్రపు దుకాణమునకు పోవుట మంచిది.

కొళాయినీటికి మరి యొక చిక్కు గలదు. మన పట్టణములలో నీరు దినమున కొక గంటయో రెండు గంటలో వచ్చును. తక్కిన వేళ గొట్టములు ఖాళీగా నుండును. ఖాళీ గొట్టము చీలికలగుండ ప్రక్కనున్న మురుగును లోనికి పీల్చును. కావున మొదట వచ్చిన నీటిని కొంతసేపు మొక్కలకు వదలి, పిమ్మట బిందె పెట్టవలెను. నీటి బండియొద్ద స్వల్పముగ క్లోరిను వాసన వచ్చిన ముక్కు మూసుకొనకుడు, లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను కడవరకు మిగిలియుండుట నీటికి కావలివాడున్నట్లు. ఏమియు కొనలేని యిల్లాండ్రు దిగులుపడ నక్కరలేదు. బంగ్లాదేశమున పాత చీరను నాలుగు మడతలు వేసి నీటిని వడకట్టిన పల్లెలలో కలరా దాదాపు సగము తగ్గినట్లు 2003లో ప్రచురింపబడిన పరిశోధన చెప్పినది. కలరా క్రిమి చిన్న జలప్రాణులను పట్టుకొని యుండుటయు, ఆ ప్రాణులు మడతలలో చిక్కుటయు దానికి కారణములు. వడకట్టిన పిదప కాచినచో మరియు మంచిది. మన అవ్వలు బిందెమూతికి బట్ట కట్టుట వట్టి యాచారము కాదన్నమాట.

మహారాజుగారి కథకు మరల వత్తము. తమ కడపటి సంవత్సరములలో కూడ ఆయన దానములు తగ్గలేదు. 1870 దశకము ముగియుచుండగా ఆయన స్వర్గస్థులైరి. వారి కుమారులు ఆనంద గజపతిగారు కళలకును పాండిత్యమునకును ఆశ్రయ మిచ్చిరి. మాక్స్ ముల్లరు పండితుని ఋగ్వేద ముద్రణపు రెండవ కూర్పునకు ధనమిచ్చినది వారే. ఆ కొలువుననే గురజాడవారు పెరిగిరి. విజయనగరమున మునిసిపాలిటీ ఏర్పడుట 1888లో, అనగా లండను ఊట కట్టబడిన ఇరువది యేండ్లకు.

ఆ ఊట దాదాపు నూరేండ్లు హైడ్ పార్కున నిలిచెను. ఈలోగా లండను నగరమున ప్రతి యింటికిని క్లోరిను కలిపి వడకట్టిన నీరు కొళాయిలో వచ్చెను; గొలుసుగిన్నెలు పోయెను; ఊట కడకు వచ్చువారు తగ్గిరి. 1964లో దానిని తొలగించిరి. ఆ చోటున నిపుడు పచ్చికయు, నడచిపోవువారును. మన బాలుడు ఈ వ్యాసమును చదివి, ఆ రాళ్లేమైనవని తప్పక యడుగును.